పందిరి కింద పాట

సంగీతానికి డిసెంబరు నెల చెన్నైదైతే, ఎండాకాలం మనది. ఈ మాట గట్టిగానే చెప్పాలి. ఆ సంగతి మర్చిపోతున్నది మనమే కాబట్టి.

చెన్నై కచేరీల కాలానికి పుట్టిన తేదీ ఉంది. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. వాటితోపాటే అఖిల భారత సంగీత సదస్సు జరిగింది. మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. ఆ తర్వాత సభలు పెరిగాయి, హాళ్లు పెరిగాయి, క్యాంటీన్లకూ పేరొచ్చింది. మన వేసవి పాటకు అలాంటి తేదీ ఏదీ లేదు. అది పంట నుంచి పుట్టింది. కోతలూ నూర్పిళ్లూ అయిపోయి గింజలు ఇంటికి చేరాక ఊరికి తీరిక, చేతికి నాలుగు డబ్బులు ఒక్కసారే వచ్చేవి. సరిగ్గా అప్పుడే ఉగాది వచ్చేది. పాడ్యమి నుంచి నవమి దాకా తొమ్మిది రాత్రులు రాముడి పేరు మీద తాటాకు పందిరి వేసేవారు. పగలు పానకం, వడపప్పు పంచేవారు. రాత్రి హరికథో, కచేరీయో, పద్యనాటకమో ఉండేది. టిక్కెట్టు లేదు, గేటు లేదు. చాప తెచ్చుకున్నవాడు చాప మీద, తేనివాడు ఇసుకలో కూర్చునేవాడు.

ఆ తొమ్మిది రాత్రులతో మొదలై మృగశిర కార్తె దాకా సాగే కాలం నాకు ఏడాదిలో అన్నిటికంటే ఇష్టం. ఉద్యోగంలో సెలవులు దాచుకునేది దీని కోసమే. కర్ణాటక సంగీత త్రిమూర్తులు ముగ్గురూ ఈ రోజుల్లోనే పుట్టారు. ముత్తుస్వామి దీక్షితులు 1775 మార్చి 24న, శ్యామశాస్త్రి 1762 ఏప్రిల్ 26న, త్యాగయ్య 1767 మే 4న. ముగ్గురి పుట్టిల్లూ తిరువారూరే. వైశాఖంలో అన్నమయ్య జయంతి వస్తుంది. ఇన్ని పుట్టినరోజులు ఒక్క ఋతువులో కూడిన పాటను ఏసీ గదిలో తలుపులు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడానికి నాకు మనసొప్పదు.

చామరాజపేట మైదానం

వేసవి పాట కోసం తెలుగువాడు ఒక్క ఊరికే వెళ్లగలిగితే ఎక్కడికి వెళ్లాలని అడిగితే, బెంగళూరు వెళ్లమంటాను. పాతపేటను ఆనుకుని ఉన్న చామరాజపేటలో ఫోర్ట్ హైస్కూల్ మైదానం ఉంది. అక్కడ శ్రీ రామసేవా మండలి ఏటా రామనవమి సంగీతోత్సవం జరుపుతుంది. 1939లో ఎస్.వి. నారాయణస్వామిరావు చిన్న వయసులోనే దీనికి శ్రీకారం చుట్టారు. పేటలో రాముడి పటం పెట్టుకుని చేసుకునే ఉత్సవం, చూస్తుండగా దేశంలోని పెద్ద విద్వాంసులంతా వచ్చి పాడే వేదికైంది. చెంబై వైద్యనాథ భాగవతార్, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, మన బాలమురళీకృష్ణ, హిందుస్తానీ నుంచి భీమ్‌సేన్ జోషి, ఎవరి పేరు చెప్పినా ఈ పందిట్లో పాడినవారే. రామనవమి తొమ్మిది రోజులతో ఆగదు. దాదాపు నెల రోజులు, రోజూ సాయంత్రం కచేరీ ఉంటుంది.

అక్కడ నాకు నచ్చేది పెద్ద పేర్లొక్కటే కాదు. ముందు వరుసల్లో కుర్చీలుంటాయి, వాటికి డబ్బు కట్టాలి. కానీ పందిరికి గోడలు ఉండవు కదా. పాట రోడ్డు మీదికి వస్తుంది. కూరగాయల సంచీతో ఇంటికి పోతున్న మనిషి గేటు దగ్గర ఆగి, ఆలాపన ఏ రాగమో పోల్చుకుని, పల్లవి అయ్యేదాకా నిలబడి, తలూపి వెళ్లిపోతాడు. హాలు కచేరీలో ఆ మనిషికి చోటు లేదు. సంగీతం తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అనే గీత పందిట్లో చెరిగిపోతుంది. పాట చెవిన పడుతూ పడుతూ ఉంటే, తెలియనివాడు నాలుగేళ్లలో తెలిసినవాడవుతాడు. కర్ణాటక సంగీతంలో చాలామంది మంచి శ్రోతలు ఇలా తయారైనవాళ్లే, బడికి వెళ్లి నేర్చుకున్నవాళ్లు కారు.

ఇంకొక సంగతి ప్రతిసారీ నన్ను కదిలిస్తుంది. ఆ మైదానంలో వినేవాళ్లలో కన్నడిగులు ఎక్కువ, తమిళులు ఉంటారు, పాడేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పాటలు మాత్రం ఎక్కువ భాగం తెలుగువి. పక్కన కూర్చున్న కన్నడ పెద్దాయన పెదవులు అనుపల్లవితో పాటే కదులుతుంటాయి. ఏ అక్షరం ఎక్కడ సాగుతుందో, ఏ సంగతి తర్వాత ఏ సంగతి వస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. మన ఊళ్లలో ఎందరికి వచ్చు?

కచేరీ వినడానికి ఒక చిన్న కిటుకు చెబుతాను. గాయకుడికి కుడి పక్కన మృదంగం, ఎడమ పక్కన వయొలిన్ కూర్చుంటాయి. మృదంగం కుడి మూత మన వైపు తిరిగి ఉండాలి కాబట్టి ఈ ఏర్పాటు. అందుకని మృదంగం బాగా వినాలంటే మనకు ఎడమ పక్కన కూర్చోవాలి. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచే అలవాటు హాళ్లలో చూస్తాం. పందిట్లో నేను చూసింది దానికి తలకిందులు. వెనక చెట్టు కింద కబుర్లు చెప్పుకుంటున్న కుర్రాళ్లు అప్పుడే ముందుకొచ్చి కూర్చుంటారు, తొడ మీద తాళం వేస్తారు. సాహిత్యం తెలియకపోయినా లెక్క అందరికీ అందుతుంది.

ఎండ వాయిద్యాలను ఏం చేస్తుంది

హాల్లో పాడటం వేరు, ఏప్రిల్లో ఆరుబయట పాడటం వేరు. వేడికి ప్రతి వాయిద్యమూ తన దారి తాను పడుతుంది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు దాదాపు 343 మీటర్లుంటే, 40 డిగ్రీల దగ్గర 355 దాకా వెళ్తుంది. దాంతో వేణువు శ్రుతి పైకి జరుగుతుంది. తీగ సంగతి దీనికి ఎదురు. వేడికి లోహం సాగుతుంది, బిగువు తగ్గుతుంది, శ్రుతి దిగుతుంది. వేణువు కచేరీకి వయొలిన్ పక్కవాద్యమైతే ఇద్దరూ ఒకచోట కలవడానికి చేసే ప్రయత్నం ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. కీర్తనకూ కీర్తనకూ మధ్య ఆ శ్రుతి చూసుకోవడాన్ని విసుగు లేకుండా గమనించాలి. అదీ కచేరీలో భాగమే.

వీణది మరీ సుకుమారం. దాని 24 మెట్లను మైనంలో పొదుగుతారు. మధ్యాహ్నం కారు డిక్కీలో పెట్టి తెస్తే ఆ మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. మెట్టు వెంట్రుకవాసి కదిలినా స్వరం తప్పుతుంది. అందుకే వైణికులు వేసవిలో వీణను పక్క సీట్లో, తమతోపాటు చల్లగా కూర్చోబెట్టుకుని తెస్తారు. మృదంగం తోలు పొడి వేడికి బిగుస్తుంది. విద్వాంసుడు చిన్న రాయి, కర్రముక్క తీసుకుని అంచు చుట్టూ తట్టి సరిచేసుకుంటాడు. ఎడమ మూతకు పూసే రవ్వ ముద్ద ఫ్యాను గాలికీ వడగాలికీ త్వరగా ఎండిపోతుంది, మధ్యమధ్య తడి చేసుకోవాలి. అది ఎండితే ఎడమ చేతి గుంకీలో బరువు పోతుంది. గాయకుడి పక్కన ఫ్లాస్కులో ఉన్నవి ఈ ఉక్కలో కూడా వేడినీళ్లే. చెమట కారుతున్నా చన్నీళ్లు ముట్టడు.

ఇవన్నీ తెలిశాక, రెండున్నర గంటలు ఆరుబయట కచేరీ చేసి లేచిన మనిషి మీద గౌరవం రెండింతలవుతుంది. స్టూడియోలో ఇంత కష్టం లేదు. అక్కడ తప్పును చెరిపేయవచ్చు.

రాత్రి పొరుగూరికి వినపడే పాట

పల్లెలో పెరిగినవాళ్లకు ఈ అనుభవం ఉంటుంది. పగలు గుడి మైకు పక్క వీధికే సరిగా వినపడదు, రాత్రి పదకొండుకు డాబా మీద పడుకుంటే రెండు మైళ్ల అవతలి ఊరి పాట అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. రాత్రి నిశ్శబ్దం వల్లే అనుకుంటాం. అది సగమే. పగలు నేల కాలిపోయి, నేలను ఆనుకున్న గాలి పై గాలికన్నా వేడిగా ఉంటుంది. అప్పుడు ధ్వని పైకి వంగి వెళ్లిపోతుంది. పొద్దుపోయాక నేల ముందు చల్లారుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి. అప్పుడు ధ్వని కిందికి వంగి, దూరాన ఉన్నవాడి చెవికి వచ్చి చేరుతుంది. నిర్మలమైన వేసవి రాత్రులు దీనికి బాగా అనువు. మన పెద్దలు కథలూ కచేరీలూ రాత్రికి పెట్టుకున్నది చల్లదనం కోసమే కావచ్చు, ప్రకృతి మాత్రం దానికి మైకు సెట్టు కూడా ఇచ్చింది.

పాత గొట్టం మైకులకు మంద్రం పలకదు. అందువల్ల మృదంగం ఎడమ మూత వాటిలో మాయమయ్యేది, గొంతూ నాదస్వరమూ మాత్రం దూసుకుపోయేవి. ఇప్పుడు డబ్బా స్పీకర్లు వచ్చాయి, మంద్రం గుండెల మీద కొడుతోంది. పెళ్లి డీజేకి పెట్టిన అమరికతోనే త్యాగరాజ కీర్తన పాడిస్తే తంబురా వినపడదు, గమకం వినపడదు, చప్పుడు వినపడుతుంది. మైకు చూసే కుర్రవాడిని తప్పు పట్టను. అతనికి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఒక అరగంట విద్వాంసుల ఎదుట శబ్దం సరిచూసుకునే వీలు కల్పిస్తే చాలు, రాత్రి కచేరీ వేరుగా ఉంటుంది.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సాంస్కృతిక, మత ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వాలు సడలింపు ఇవ్వవచ్చు. తెల్లవార్లూ సాగే పద్యనాటకాలకూ కథలకూ ఇది దెబ్బే. అయినా ఆ నిబంధన న్యాయమైనదే అంటాను. పందిరి పక్కింట్లో పసిపిల్లలుంటారు, జబ్బు మనుషులుంటారు. నెపం దాని మీద వేసి కచేరీలు మానేయడం మాత్రం న్యాయం కాదు. ఆరున్నరకు మొదలుపెడితే తొమ్మిదిన్నరకు మంగళం పాడవచ్చు. బెంగళూరు మైదానం దశాబ్దాలుగా సాయంత్రాలనే నమ్ముకుంది.

కరవది నుంచి శ్రీరంగం దాకా

వేసవంటే పెళ్లిళ్ల కాలం కూడా. నాదస్వరం, డోలు లేని పెళ్లి మనకు వెలితి. కానీ భోజనాల హడావుడిలో, వీడియో దీపాల మధ్య వాళ్లు ఏం వాయిస్తున్నారో ఎంతమంది వింటున్నారు? ఈసారి ఏ పెళ్లికి వెళ్లినా తాళి కట్టే గట్టిమేళానికి ముందు, వాద్యకారులు తీరిగ్గా కూర్చుని రాగం ఆలపించే పావుగంట చూసి వాళ్ల దగ్గర కూర్చోండి. అలా ఒక మనిషి వచ్చి వింటే వాళ్ల వాయింపు ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది.

ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తెలుగునేల మీద నాదస్వరం ఎంత ఎత్తుకు వెళ్లిందో చూపించారు. తరతరాలుగా గుళ్లలో నాదస్వరం వాయిస్తున్న ముస్లిం కుటుంబం వారిది. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ వెళ్లారు, చివరికి శ్రీరంగంలో రంగనాథుడి నీడలో స్థిరపడ్డారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రామనవమి పందిట్లో రాముడి కల్యాణానికి ముస్లిం విద్వాంసుడి నాదస్వరం మోగడం మన పల్నాటి, ఒంగోలు సీమల్లో ఎవరికీ వింతగా తోచలేదు. ఎవరూ దాన్ని గొప్పగా చెప్పుకోలేదు కూడా. పాట బాగుందా లేదా అన్నదే లెక్క.

హరికథ గురించి ఇక్కడ కొంచెం చెప్పి ఊరుకోవడం కష్టం. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల తెరిచినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ఒక హరికథకుడిని సంగీత కళాశాలకు అధిపతిని చేశారంటే ఆ రోజుల్లో ఆ కళకున్న విలువ అర్థమవుతుంది. కాలికి గజ్జె, చేతిలో చిడతలు, గొంతులో రాగం, నోట్లో ఆశు చమత్కారం, ఇవన్నీ ఒక్క మనిషే మోయాలి. గుంటూరుకు చెందిన కోట సచ్చిదానంద శాస్త్రికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు, ఆయన కథలు విని పెరిగిన ఊళ్లన్నీ పండగ చేసుకున్నంత పని చేశాయి.

ఇక పద్యం. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో రాయబారం ఘట్టం వస్తే, సంగీతం అంటే పట్టనివాడు కూడా హార్మోనియం శ్రుతికి నిటారుగా కూర్చుంటాడు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడిగా, షణ్ముఖి ఆంజనేయరాజు తమ పాత్రల్లో పద్యాన్ని అర్థం చెడకుండా రాగంలో నడిపారు. ఆ తర్వాత కొందరు చివరి అక్షరాన్ని పట్టుకుని ఊపిరి ఆగేదాకా సాగదీయడమే పద్యం అనుకున్నారు. జనం వన్స్‌మోర్ అన్నారు, వాళ్లు ఇంకా సాగదీశారు. ఆ విషయంలో శ్రోతలుగా మన బాధ్యతా ఉంది. మనం చప్పట్లు ఎక్కడ కొడతామో కళాకారుడు అటే వెళ్తాడు.

తాళ్లపాకలో వైశాఖం

ఏప్రిల్ నవమిదైతే, మే నెల అన్నమయ్యది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో, తిరుపతిలో జయంతి ఉత్సవాల్లో గాయకులు గుంపుగా కూర్చుని చేసే సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానం తప్పక వినవలసింది. 108 అడుగుల అన్నమయ్య విగ్రహం తాళ్లపాక చెంత రోడ్డు మీదికే కనిపిస్తుంది. రాయలసీమ ఎండ మొహం మీద కొడుతుంటే అక్కడికి వెళ్లడం కష్టమే. వెళ్లాలనే చెబుతాను.

ఎందుకంటే అన్నమయ్య పాట మనకు రెండుసార్లు దక్కింది. ఆయన 32 వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో రాగిరేకుల మీద దొరికినవి 12 వేలకు పైగా. రేకుల మీద రాగం పేరుంది, వరస లేదు. అంటే ఈ రోజు మనం పాడుకునే వరసలన్నీ గత నూరేళ్ల లోపల మన విద్వాంసులు కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, మొన్ననే పాడినట్టు చెవిలో ఉన్న గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్. గరిమెళ్ల ఒక్కరే 600కు పైగా కీర్తనలకు వరసలు కట్టారు. 2025 మార్చిలో ఆయన వెళ్లిపోయారు. తిరుపతి వేదికల మీద ఆయన పాట విన్న మాలాంటివాళ్లకు ఆ గొంతు లేని జయంతి ఇంకా అలవాటు కాలేదు. గోష్ఠిగానంలో ఆయన వరసను వందల గొంతులు ఒకేసారి ఎత్తుకుంటే, వరస కట్టినవాడి పేరు తెలియని పిల్లలు కూడా దాన్ని తప్పు లేకుండా పాడుతుంటే, ఒక మనిషి పని పూర్తవడమంటే ఇదే అనిపిస్తుంది.

సముద్రాల అవతల కూడా ఇదే ఋతువు. అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో 1978 నుంచి ఏటా ఈస్టర్ రోజుల్లో త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. చిన్నగా మొదలై పది పన్నెండు రోజుల ఉత్సవమైంది. అక్కడ బడి పిల్లలు ఘనరాగ పంచరత్నాలను బృందంగా పాడతారు. ఆ అయిదింట్లో నాట రాగ కృతి సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. ఒహాయో చలిలో కోట్లు వేసుకుని వచ్చి తెలుగు సాహిత్యం పాడే ఆ పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడరు.

మన పందిరి సంగతి

ఇంతా చెప్పి, మన ఊరి నవమి పందిట్లో ఈ రోజు ఏం వినిపిస్తోందో చెప్పకుండా దాటేయలేను. చాలాచోట్ల పొద్దున పెన్‌డ్రైవ్ పాట, రాత్రి డీజే. కల్యాణం అయిపోగానే వేదిక ఖాళీ. ఊళ్లో డబ్బు లేక కాదు, పువ్వులకూ దీపాలకూ పెట్టే ఖర్చు చూస్తే తెలుస్తుంది. త్యాగయ్య శిష్యపరంపరకు చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు బాలమురళి. ఇలా గురువు నుంచి శిష్యుడికి నేరుగా నడిచొచ్చిన పాట కృష్ణాతీరంలో ఉంది. బాలమురళి ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలో నిండు కచేరీ చేశాడంటే, ఎనిమిదేళ్ల పిల్లవాడిని కూర్చోబెట్టి వినే ఓపికా ప్రేమా ఉన్న ఊరు ఒకటి అప్పుడు ఉందని అర్థం.

ఇప్పుడూ పిల్లలున్నారు. విజయవాడ, విజయనగరం, హైదరాబాద్, తిరుపతి సంగీత కళాశాలల నుంచి ఏటా బయటికి వస్తున్నారు. వాళ్లకు లేనిది పాడేందుకు చోటు. పోటీల్లో పది నిమిషాలు పాడటం వేరు, ఎదురుగా జనం కూర్చుంటే రెండు గంటలు నిలబెట్టడం వేరు. ఆ రెండోది పందిట్లోనే వస్తుంది.

నవమి కమిటీలవారికి నేను చెప్పేది తొమ్మిది రాత్రుల్లో ఒక్క రాత్రి గురించి. దానికి కావలసింది ఎక్కువేమీ లేదు. పక్క జిల్లాలోని గాయకురాలు, వయొలిన్, మృదంగం. రానూపోనూ చార్జీలు, రాత్రి భోజనం, పడక, చేతికి ముందే చెప్పిన సొమ్ము కవరులో. శాలువా ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు, సొమ్ము మాత్రం కచేరీ అయిన రాత్రే ఇవ్వాలి. మైకులు నాలుగు చాలు, గొంతుకు ఒకటి, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి రెండు. ఫ్యాను గాలి సూటిగా వేదిక మీదికి తిప్పకండి. కచేరీ మధ్యలో ఆపి సన్మానాలు చేయకండి, నాయకుల ప్రసంగాలు పెట్టకండి. పిల్లల్ని ముందు వరుసలో కూర్చోనివ్వండి, కదిలినా గొడవ లేదు. పాడబోయే కీర్తనల పేర్లు, రాగాలు ఒక బోర్డు మీద సుద్దతో రాయించండి. చీటీ పంపి ఒక పాట అడిగే అవకాశం ఊరివాళ్లకు ఇవ్వండి. వచ్చే చైత్రానికి కళాకారులు ఖాళీగా దొరకాలంటే సంక్రాంతి దాటగానే మాట్లాడుకోవాలి.